ఊరందరి ఇన్వర్టర్... బిల్లు ఎవరి పేరున?

మధ్యాహ్నం కరెంటు మిగిలిపోతోంది. చీకటి పడ్డాక చాలడం లేదు. పగటి కరెంటును సాయంత్రానికి దాచిపెట్టే భారీ బ్యాటరీలు ఇప్పుడు సబ్‌స్టేషన్ల పక్కకు వస్తున్నాయి. వాటికయ్యే కోట్లు ఎవరిస్తారు? సిద్దిపేట జిల్లా ములుగు దారిలో వెతికితే ఈ ప్రశ్నకు జవాబు తేలిగ్గానే దొరుకుతుంది.

ములుగు అనగానే చాలామందికి మేడారం జాతర, రామప్ప గుడి గుర్తొస్తాయి. అది వేరే ములుగు. 2019లో సొంతంగా జిల్లా అయింది. ఈ ములుగు చిన్న మండల కేంద్రం. ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక సిద్దిపేటలోకి మారింది. హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని శామీర్‌పేట, తుర్కపల్లి దాటి ముందుకెళితే, గజ్వేల్‌కి ముందే తగులుతుంది. జాతరలు, శిల్పాలు లేకపోయినా ఈ ఊరి చుట్టూ చూడాల్సినవి చాలానే ఉన్నాయి.

శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. అటవీ కళాశాల, పరిశోధన సంస్థ కూడా ఇక్కడే. 2019 డిసెంబరులో ఆ కళాశాల కొత్త ప్రాంగణం ప్రారంభమైంది. కాస్త లోపలికెళితే కర్కపట్ల బయోటెక్ పార్కు. ఇంకొంచెం వెళితే మర్కూక్ దగ్గర సముద్రంలా కనిపించే కొండపోచమ్మ సాగర్. రోడ్డు పక్కనేమో ఒంటిమామిడి కూరగాయల మార్కెట్. ప్రయోగశాలలోని ఫ్రిజ్‌కీ, బోరుబావి మీది మోటారుకీ, మార్కెట్లో వెలిగే బల్బుకీ కావాల్సింది ఒకటే... కరెంటు. అదీ కావాల్సిన సమయానికి.

చిక్కంతా ఆ ‘సమయం’తోనే!

ఒంటిమామిడి పాఠం

కరెంటు నిల్వ అంటే ఏమిటో అర్థం కావాలంటే ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఒంటిమామిడి మార్కెట్‌కి వెళితే చాలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి టమాటా, బీర, కాకర, వంకాయ, ఆకుకూరలు ఇక్కడికి చేరి హైదరాబాద్‌కి తరలిపోతాయి. సరుకు ఒకేసారి వచ్చి పడితే ధర కూలిపోతుంది. కూలి ఖర్చు కూడా రాదని రైతు టమాటాను చేనులోనే వదిలేస్తాడు. నెల తిరిగేసరికి అదే టమాటా బంగారమైపోతుంది. మధ్యలో దాచుకునే చోటు లేకపోవడమే ఈ కష్టానికి మూలం. శీతల గిడ్డంగి ఉంటే ధర నిలబడుతుంది. అయితే గిడ్డంగికి అద్దె కట్టాలి. ఆ అద్దె రైతు కట్టాలా, వ్యాపారి కట్టాలా, సర్కారు కట్టాలా అన్నది ఎప్పుడూ ఉండే పేచీయే.

సూర్యుడి కరెంటుదీ సరిగ్గా ఇదే కథ. తెలంగాణలో సౌర విద్యుత్ సామర్థ్యం నాలుగువేల మెగావాట్లను ఎప్పుడో దాటింది. పెద్ద పార్కుల్లో కాకుండా జిల్లాల్లోని సబ్‌స్టేషన్ల దగ్గర చిన్నచిన్న ప్లాంట్లుగా విస్తరించడం ఇక్కడి ప్రత్యేకత. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకు కరెంటు పొంగిపొర్లుతుంది. పొద్దు వాలేసరికి ఒక్కసారిగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు ఆన్ అవుతాయి.

2025 మే నెలలో విద్యుత్ ఎక్స్ఛేంజీలో కొన్ని పగటి గంటల్లో ధర దాదాపు సున్నాకు పడిపోయింది. రాజస్థాన్‌లో అయితే గ్రిడ్ తీసుకోలేక సౌర విద్యుత్‌ను ఆపేయించిన సందర్భాలూ అదే ఏడాది ఉన్నాయి. మరోవైపు గిరాకీ పెరిగిన సాయంత్రాల్లో ఎక్స్ఛేంజీ ధర యూనిట్‌కి 10 రూపాయల దాకా వెళుతుంది. అంతకుమించి పోకుండా కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2023 ఏప్రిల్ నుంచి గరిష్ఠ పరిమితి పెట్టింది కాబట్టి అక్కడ ఆగుతోంది. మధ్యాహ్నం టమాటా, సాయంత్రం బంగారం అన్నమాట!

తెలంగాణ గిరాకీ కూడా తక్కువేం కాదు. 2025 మార్చిలో రాష్ట్ర గరిష్ఠ డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. కాబట్టి కరెంటుకీ ఒక గిడ్డంగి కావాలి. ఆ గిడ్డంగే బ్యాటరీ.

అప్పట్లో ఎవరి బ్యాటరీ వారిదే

నిజానికి బ్యాటరీ ఖర్చు జనానికి కొత్త కాదు. కోతల కాలం గుర్తుందా? 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు ‘పవర్ హాలిడే’ ప్రకటించారు. పల్లెల్లో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. కాస్త స్తోమత ఉన్న ఇంట్లో మెట్ల కింద ఇన్వర్టర్ చేరింది. రహదారి పక్కన హోటళ్లు, ఆసుపత్రులు జనరేటర్లు కొన్నాయి. బ్యాటరీలో నీళ్లు పోయడం, మూడు నాలుగేళ్లకోసారి పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకోవడం ఇంటి ఖర్చుల్లో ఒకటైపోయింది. స్తోమత లేనివాళ్లు విసనకర్రతో సరిపెట్టుకున్నారు.

అంటే అప్పట్లో నిల్వకు డబ్బు కట్టింది వినియోగదారుడే. కాకపోతే ఎవరికి వారు, ఎవరి ఇంటికి వారు కట్టుకున్నారు. లెక్కలు ఎక్కడా రాయలేదు కాబట్టి అది కరెంటు ఖర్చని ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడు రాబోతున్నది ఊరందరి ఇన్వర్టర్. మెట్ల కింద కాదు, సబ్‌స్టేషన్ పక్కన ఉంటుంది. ఓడల మీద వచ్చే సరుకు కంటైనర్ల లాంటి ఇనుప పెట్టెలు వరుసగా పేర్చి ఉంటాయి. ఒక్కో పెట్టెలో వేల లిథియం సెల్స్. మధ్యాహ్నం గ్రిడ్ నుంచి కరెంటు తీసుకుని నిండుతాయి. సాయంత్రం రెండు గంటలో, నాలుగు గంటలో తిరిగి ఇస్తాయి. 2025లో తెలంగాణ జెన్‌కో హైదరాబాద్ చుట్టుపక్కల పెద్ద సబ్‌స్టేషన్ల దగ్గర ఇలాంటి నిల్వ కేంద్రాల కోసం టెండర్లు పిలిచింది. అవి సరఫరా చేసే కరెంటు ఏ తీగలో కలిసినా, లెక్క మాత్రం రాష్ట్రంలోని వినియోగదారులందరి ఖాతాలోకీ వస్తుంది. ములుగు మండలం తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో ఉంది. అంటే అందులో ములుగు వాటా కూడా ఉంటుంది.

కొండపోచమ్మ చెప్పే సంగతి

బ్యాటరీ కొత్తదే గానీ నిల్వ ఆలోచన పాతదే. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడున్నాయి. అవి రెండువైపులా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీటిని పైకి తోడతాయి. అవసరమైనప్పుడు అదే నీటిని కిందికి వదిలి కరెంటు చేస్తాయి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లూ అంతే. శ్రీశైలం ఎడమగట్టుకి డబ్బెక్కడిది? జపాన్ ప్రభుత్వ సంస్థ ఇచ్చిన రుణం. మరి ఆ రుణం తీర్చేదెవరు? కరెంటు ఛార్జీలో భాగంగా వినియోగదారులే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ చేపట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టుకి పెట్టుబడి ప్రైవేటుది. ఆ పెట్టుబడి కూడా కరెంటు కొనేవారి దగ్గర నుంచే తిరిగి రావాలి.

ములుగుకి దగ్గర్లోనే ఉన్న కొండపోచమ్మ సాగర్ కూడా ఒక రకమైన నిల్వే. కరెంటుది కాదు, నీటిది. 15 టీఎంసీల జలాశయం. 2020 మే 29న మర్కూక్ పంపులు తొలిసారి నీళ్లు పోశాయి. గోదావరి నుంచి సుమారు అర కిలోమీటరు ఎత్తుకు మోటార్లు నీటిని మోసుకొస్తాయి. ఆ ఎత్తుకు చేర్చడానికి ఖర్చయిన కరెంటు తిరిగి కరెంటుగా రాదు. పొలాల్లో పంటగా రావాలంతే.

ఈ నిల్వకి ఎవరు కట్టారని అడిగితే రెండు జవాబులొస్తాయి. కాగితం మీద చూస్తే కాళేశ్వరం కార్పొరేషన్ తెచ్చిన అప్పులు, వాటిని తీర్చే రాష్ట్ర ఖజానా. నేల మీద చూస్తే మామిడ్యాల, బైలంపూర్, తానేదార్‌పల్లి. జలాశయం కోసం ఖాళీ అయిన ఊళ్లవి. వారి కోసం పునరావాస కాలనీ కట్టింది ములుగు మండలంలోని తునికి బొల్లారంలోనే. ఏ నిల్వకైనా ధర టెండరు పత్రంలో కనిపించేదొక్కటే కాదని ఈ ప్రాంతానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

డబ్బు నడిచే దారి

బ్యాటరీ కేంద్రం కట్టడానికి మొదట జేబులో చెయ్యి పెట్టేది ప్రైవేటు కంపెనీ. టెండర్లో తక్కువ ధర కోట్ చేసిన కంపెనీకి పని దక్కుతుంది. సొంత డబ్బు కొంత, బ్యాంకు అప్పు చాలావరకు. స్థలం మాత్రం సాధారణంగా సబ్‌స్టేషన్ ఆవరణలోనే చూపిస్తారు. కరెంటు కూడా కంపెనీది కాదు, పంపిణీ సంస్థదే. కంపెనీ చేసేదల్లా పెట్టెలు పెట్టి, అవి ఎప్పుడూ సిద్ధంగా ఉండేలా చూడటం. అందుకు మెగావాట్‌కి నెలకింత అని అద్దె తీసుకుంటుంది. పన్నెండు నుంచి పదిహేనేళ్ల ఒప్పందం. కోల్డ్ స్టోరేజీలో గది అద్దెకు తీసుకున్నట్టే. సరుకు మనది, గది వాళ్లది.

రెండో జేబు అభివృద్ధి సంస్థలది. ఢిల్లీలోని కిలోక్రీ సబ్‌స్టేషన్ దగ్గర బీఎస్ఈఎస్ రాజధాని పెట్టించిన 20 మెగావాట్ల, 40 మెగావాట్ అవర్ల బ్యాటరీ ఇందుకు ఉదాహరణ. 2024 మేలో ఢిల్లీ నియంత్రణ మండలి ఆమోదించింది. ఖర్చులో 70 శాతం దాకా ఒక అంతర్జాతీయ దాతృత్వ కూటమి తక్కువ వడ్డీకి అప్పుగా ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్‌లో సౌర ప్లాంటుకి జతగా సెకీ సంస్థ పెట్టిన 120 మెగావాట్ అవర్ల బ్యాటరీకి ప్రపంచబ్యాంకు రుణం తోడైంది. అది 2024 ఫిబ్రవరిలో మొదలైంది. అయితే అప్పు అప్పే. వడ్డీ తగ్గితే బిల్లు తగ్గుతుంది గానీ మాయం కాదు.

మూడో జేబు కేంద్రానిది. 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 4,000 మెగావాట్ అవర్ల నిల్వకు ఒక పథకం ఆమోదించింది. పెట్టుబడిలో 40 శాతం వరకు సాయం. అందుకు బడ్జెట్ నుంచి 3,760 కోట్లు. కనీసం 85 శాతం సామర్థ్యం పంపిణీ సంస్థలకే ఇవ్వాలన్నది షరతు. బ్యాటరీల ధరలు పడిపోవడంతో అదే డబ్బుతో ఇంకా ఎక్కువ కట్టొచ్చని తేలి లక్ష్యాన్ని 13 వేల మెగావాట్ అవర్లు దాటించారు. 2025 జూన్‌లో రెండో విడత వచ్చింది. 30 వేల మెగావాట్ అవర్లకి, ఒక్కోదానికి 18 లక్షల చొప్పున మొత్తం 5,400 కోట్లు.

ఈ రెండో విడత డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. విద్యుత్ వ్యవస్థ అభివృద్ధి నిధి అని ఒకటుంది. చెప్పినదానికంటే ఎక్కువ కరెంటు లాగినందుకో, తక్కువ ఇచ్చినందుకో గ్రిడ్‌లోని సంస్థలు కట్టే ఛార్జీలు, లైన్లు కిక్కిరిసినప్పటి రుసుములు అందులో పోగవుతాయి. పంపిణీ సంస్థలు కట్టిన ఆ సొమ్ములు ఎక్కడివి? బిల్లులు కట్టినవారివే! కేంద్రం కుడిచేత్తో ఇస్తున్న సాయంలో కొంత, జనం ఎడమచేత్తో ముందే ఇచ్చిందన్నమాట.

నాలుగో జేబు పంపిణీ సంస్థది. కంపెనీకి నెలనెలా అద్దె కట్టేది అదే. ఆ అద్దెను తన వార్షిక ఖర్చుల పద్దులో రాసి విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెడుతుంది. మండలి ఒప్పుకుంటే ఛార్జీలో కలుస్తుంది.

ఇన్ని జేబులు తిరిగినా చివరికి మిగిలేవి రెండే. ఒకటి కరెంటు బిల్లు. రెండోది పన్ను. బిల్లు కట్టని ఇల్లున్నా, పన్ను పడని కొనుగోలు లేదు. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడే అర్హుల ఇళ్లకి సున్నా బిల్లు వస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 మేలో మొదలైన వ్యవసాయ ఉచిత విద్యుత్ కొనసాగుతోంది. ఆ ఉచితాల ఖర్చును రాష్ట్ర ప్రభుత్వం ముందుగానే పంపిణీ సంస్థలకు కట్టాలని 2003 విద్యుత్ చట్టం చెబుతోంది. కట్టడం ఆలస్యమైతే? సంస్థ అప్పు చేస్తుంది. అప్పు పేరుకుపోతే? 2017 జనవరిలో ‘ఉదయ్’ ఒప్పందం కింద తెలంగాణ సర్కారు పంపిణీ సంస్థల అప్పుల్లో 8,923 కోట్లు తన నెత్తిన వేసుకుంది. తిరిగి తిరిగి మళ్లీ పన్ను దగ్గరికే!

యూనిట్‌కి ఎంత పడుతుంది?

ఇప్పుడు చిన్న లెక్క. ఒక మెగావాట్ బ్యాటరీ రెండు గంటలు కరెంటు ఇస్తే 2,000 యూనిట్లు. రోజుకొకసారి చొప్పున నెలకు 60 వేల యూనిట్లు.

2022 ఆగస్టులో సెకీ దేశంలో తొలి పెద్ద టెండరు తెరిచినప్పుడు అద్దె మెగావాట్‌కి నెలకు 10.83 లక్షలు పలికింది. రోజుకొకసారే వాడితే దాచినందుకే యూనిట్‌కి 18 రూపాయలు! రెండుసార్లు నింపి ఖాళీ చేసినా తొమ్మిది. 2024 మార్చిలో గుజరాత్ టెండర్లో అది 4.49 లక్షలకు దిగింది. 2024 చివర్లో, 2025 మొదట్లో రాజస్థాన్ టెండర్లలో కేంద్రసాయం కలిశాక 2.2 లక్షల దగ్గరకు వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా లిథియం బ్యాటరీల సగటు ధర 2023లో కిలోవాట్ అవర్‌కి 139 డాలర్లుంటే, 2024లో 115కి పడిపోయింది. అద్దెలు తగ్గడానికి అసలు కారణం అదే.

2.2 లక్షల అద్దెతో లెక్కవేస్తే రోజుకొకసారి వాడకానికి యూనిట్‌కి 3 రూపాయల 67 పైసలు. నింపడానికి మధ్యాహ్నం సౌర విద్యుత్ రెండున్నర రూపాయలకి దొరికిందనుకుందాం. వంద యూనిట్లు పోస్తే తిరిగొచ్చేది 85 దాకానే. మిగతాది వేడిగా పోతుంది. కాబట్టి ఆ రెండున్నర కాస్తా 2 రూపాయల 94 పైసలవుతుంది. అంతా కలిపి యూనిట్ 6 రూపాయల 60 పైసల చుట్టూ తేలుతుంది. సాయంత్రం ఎక్స్ఛేంజీలో పది పెట్టి కొనేకంటే నయమే. రోజుకు రెండుసార్లు వాడగలిగితే ఇంకా నయం. వాడకుండా పెట్టెలను ఊరికే ఉంచితే మాత్రం అద్దె ఆగదు.

కేంద్రసాయాన్ని కూడా లెక్కలో వేయాలి. మెగావాట్ అవర్‌కి 18 లక్షలంటే, మన ఒక మెగావాట్ రెండు గంటల బ్యాటరీకి 36 లక్షలు. పన్నెండేళ్లకు సర్దితే, వడ్డీ వదిలేసినా, యూనిట్‌కి దాదాపు 42 పైసలు. ఇది బిల్లులో కనిపించదు. కానీ ఎవరో కట్టారు.

తొందరపడినా నష్టమే, ఆగినా నష్టమే

సెకీ 10.83 లక్షల టెండరు కథ అక్కడితో అయిపోలేదు. ఒప్పందాలు ముందుకు సాగడంలో ఆలస్యమైంది. ఈలోగా ధరలు సగానికి పైగా పడిపోయాయి. 2025 జనవరిలో కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఆ పాత ధరను ఆమోదించడానికి నిరాకరించింది. ఒకవేళ ఆమోదించి ఉంటే? 10.83కి, గుజరాత్ 4.49కి మధ్య తేడా నెలకు 6.34 లక్షలు. పన్నెండేళ్ల ఒప్పందానికి మెగావాట్‌కి తొమ్మిది కోట్లకు పైమాట! సంతకం ఒకచోట, భారం ఇంకోచోట. కాబట్టి ఎప్పుడు కొంటున్నామన్నది ఎంతకు కొంటున్నామన్నదానితో సమానం.

అలాగని ధర ఇంకా తగ్గుతుందని చేతులు కట్టుకు కూర్చుంటే, ప్రతి సాయంత్రం పది రూపాయల కరెంటు కొనాల్సి వస్తుంది. అదీ బిల్లులోకే చేరుతుంది. మరీ తక్కువకు పాడుకున్న కంపెనీ రేపు కట్టలేక చేతులెత్తేస్తే, దాని డిపాజిట్ జప్తు చేసుకోవచ్చు. కానీ ఆ సాయంత్రానికి కావాల్సిన కరెంటు డిపాజిట్ నుంచి రాదు కదా!

బయటి దేశాల అనుభవమూ ఇదే చెబుతోంది. 2017లో దక్షిణ ఆస్ట్రేలియాలోని హార్న్స్‌డేల్‌లో టెస్లా వంద రోజుల్లో బ్యాటరీ కట్టకపోతే డబ్బే తీసుకోనని ఎలాన్ మస్క్ పందెం కాసి మరీ కట్టాడు. అప్పటికి ప్రపంచంలో అదే పెద్దది. యజమాని నియోఎన్ అనే ఫ్రెంచి కంపెనీ. గ్రిడ్‌కి భద్రత ఇచ్చినందుకు ఆ రాష్ట్ర సర్కారు పదేళ్లలో 5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల వరకు కట్టేలా ఒప్పుకుంది. మిగతాది కంపెనీ మార్కెట్లో కొని అమ్మి సంపాదించుకోవాలి. అంటే నష్టభయం కొంత కంపెనీ మీదే పెట్టారు. కాలిఫోర్నియాలో నియంత్రణ సంస్థ 2013లోనే విద్యుత్ కంపెనీలకు 1,325 మెగావాట్ల లక్ష్యం పెట్టింది. అక్కడ ఖర్చు వినియోగదారుల బిల్లులోకి వెళ్లింది.

అదే కాలిఫోర్నియాలో 2025 జనవరి 16న మాస్ ల్యాండింగ్ బ్యాటరీ కేంద్రం తగలబడింది. చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అగ్నిప్రమాదం ఖర్చు ఏ టెండర్లోనూ యూనిట్ ధరగా రాయరు. పెట్టెకీ పెట్టెకీ మధ్య దూరమెంత, మంటలార్పే ఏర్పాటేమిటి, ఊరికి ఎంత దూరంలో ఉంది అన్న ప్రశ్నలు కూడా ‘ఎవరు కడతారు’ అన్న ప్రశ్నలో భాగాలే. తునికి బొల్లారం కాలనీ ఉన్న మండలంలో ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది.

రైతు చేతిలో చవక బ్యాటరీ

ఇంతకంటే చవకైన నిల్వ ఒకటుంది. దానికి లిథియం అక్కర్లేదు. ములుగు, వర్గల్, మర్కూక్ పొలాల్లోని బోరు మోటార్లే ఆ నిల్వ!

తెలంగాణలో వ్యవసాయ పంపుసెట్లు పాతిక లక్షలకు పైనే ఉన్నాయి. ఒకప్పుడు వీటికి కరెంటు అర్ధరాత్రి వచ్చేది. టార్చిలైటు పట్టుకుని పొలానికెళ్లి పాముకాటుకో, షాకుకో బలైన రైతుల కథలు లేని ఊరు లేదు. పగలు పరిశ్రమలకి, పట్నాలకి కావాలి కాబట్టి రాత్రి మిగిలిన కరెంటును రైతుకిచ్చేవారు. అంటే గ్రిడ్ భారాన్ని సర్దడానికి రైతు తన నిద్రను, ఒక్కోసారి ప్రాణాన్ని కట్టాడు. ఏ పద్దులోనూ ఎక్కని చెల్లింపది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అప్పుడే ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారు రైతులను కోరింది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగితే నీళ్లూ, భూగర్భ జలమూ, కరెంటూ మూడూ వృథా అవుతాయని.

ఇప్పుడు సూర్యుడి పుణ్యమా అని లెక్క తిరగబడింది. మిగులు పగటిపూటే. మోటార్లు పది నుంచి నాలుగు మధ్య తిరిగితే, మధ్యాహ్నం కరెంటు పొలంలో తడిగా మారిపోతుంది. సాయంత్రం గ్రిడ్‌కి ఆ బరువు ఉండదు. ఆ మేరకు బ్యాటరీ కొనక్కర్లేదు, అద్దె కట్టక్కర్లేదు. పగలే నీళ్లు పెట్టుకోవడం రైతుకీ ఇష్టమే. కావాల్సిందల్లా పగటి వోల్టేజీ నిలబడటం, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే వెంటనే మార్చడం. ఆ ఖర్చు బ్యాటరీల ముందు చిన్నదే.

కంపెనీలూ, ఫ్యాక్టరీలూ ఇందులోకి రావచ్చు. తెలంగాణలో హైటెన్షన్ వినియోగదారులకు పొద్దున, సాయంత్రం పీక్ గంటల్లో యూనిట్‌కి రూపాయి అదనంగా పడే పద్ధతి ఇప్పటికే ఉంది. సాయంత్రం గిరాకీకి కారణమైనవారు ఆ భారంలో కొంత ఎక్కువ మోయాలన్న న్యాయమది. బ్యాటరీ అద్దెను కూడా ఈ న్యాయంతోనే పంచొచ్చు. రెండు బల్బుల ఇంటికీ, నాలుగు ఏసీల ఇంటికీ యూనిట్‌కి ఒకే పైసలు వేస్తారా, తేడా చూపిస్తారా అన్నది నిర్ణయించాల్సింది నియంత్రణ మండలి.

అడిగే హక్కు అందరిదీ

ఇక్కడే చాలామందికి తెలియని సంగతొకటుంది. పంపిణీ సంస్థలు ఏటా తమ ఆదాయ, వ్యయాల అంచనాలను విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పిస్తాయి. మండలి వాటిని బయటపెట్టి అభ్యంతరాలు కోరుతుంది. బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడ మాట్లాడటానికి పెద్ద కంపెనీయో, లాయరో కానక్కర్లేదు. మీటరున్న ఎవరైనా కాగితం మీద నాలుగు ముక్కలు రాసి పంపొచ్చు. స్వయంగా వెళ్లి అడగొచ్చు. పరిశ్రమల సంఘాలు ఏటా తప్పకుండా వెళతాయి. రైతు సంఘాలు కొన్ని వెళతాయి. మామూలు ఇంటి వినియోగదారుడే ఎక్కువగా కనిపించడు. కనిపించనివారి వాటా పెరగడంలో వింతేముంది?

అడగాల్సిన ప్రశ్నలు కూడా కష్టమైనవి కావు. బ్యాటరీ అద్దె మెగావాట్‌కి నెలకెంత? అదే సమయంలో పక్క రాష్ట్రాల్లో ఎంత పలికింది? రోజుకు ఎన్నిసార్లు వాడుతున్నారు? చెప్పిన రోజుకి చెప్పినంత సిద్ధంగా లేకపోతే కంపెనీ నుంచి ఎంత కోత పెడతారు, ఆ కోత డబ్బు ఎవరి ఖాతాలో వేస్తారు? ఏడాదిలో పది రూపాయల కరెంటు కొనడం ఎంత తగ్గింది? ఈ ఐదింటికి జవాబులొస్తే గిడ్డంగి లాభమో, బరువో తేలిపోతుంది.

ఒంటిమామిడిలో టమాటా అమ్మే రైతుకి గిడ్డంగి వద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అద్దె చీటీ చూడకుండా సంతకం పెట్టమని చెప్పే తెలివితక్కువతనం ఆ రైతుకీ లేదు. కరెంటు గిడ్డంగి విషయంలోనూ కావాల్సింది ఆ పాటి లౌక్యమే. ఇన్వర్టర్ ఊరందరిదీ అయినప్పుడు బిల్లు కూడా ఊరందరిదే. కాబట్టి ఆ బిల్లు చదివే పని కూడా ఊరందరిదీ కావాలి.